ఉత్తుత్తి అంతయ్య విజిల్

అంతయ్య మామ మా షెడ్డులో మొదటిసారి విజిల్ ఊదిన రోజు రెండు మూకుళ్ల సకినాలు బొగ్గయిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు గనిలో పనిచేసిన మనిషి, బొగ్గు చూడకుండా ఉండలేకపోయాడేమో అని ఆ రోజు నేనన్న మాట చొప్పదండి అంతా తిరిగింది. అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నావా అంటే, లేదు. మాట బాగుంది. మనిషి గురించి మాత్రం తప్పుగా అనుకున్నాను. అందుకే ఇదంతా చెబుతున్నాను.

నా పేరు నర్మద. బస్టాండు వెనక రేకుల షెడ్డులో మేం పద్నాలుగు మంది ఆడవాళ్లం సకినాలు చేస్తాం. అంతకుముందు దాదాపు అందరం చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసినవాళ్లమే. అవే వేళ్లు, చుట్టేది మాత్రం మారింది. ఇప్పుడు తంబాకు బదులు బియ్యప్పిండి, నువ్వులు, వాము. దగ్గు తగ్గింది, బరువు పెరిగింది.

మా సకినాలు తినేవాళ్లు మా దిక్కువాళ్లే, కాకపోతే దుబాయ్‌లో, షార్జాలో, మస్కట్‌లో ఉంటారు. నెలకోసారి కరీంనగర్ నుంచి రాకేశ్ అనే కార్గో ఏజెంటు బండి పంపిస్తాడు. ఆరు వందల అరకిలో పొట్లాలు, అరబ్బీ అక్షరాల స్టిక్కర్లు అంటించుకుని, పెళ్లికి పోతున్నట్టు ముస్తాబై బండెక్కుతాయి. హైదరాబాద్ పోయి విమానం ఎక్కుతాయి. మా భూమవ్వ ఇంతవరకు విమానం ఎక్కలేదు గానీ ఆమె చేతి సకినాలు ఎన్నిసార్లు ఎక్కాయో చెప్పలేం.

కానీ అది నూనెలో వేగిన సరుకు. నెల దాటితే వాసన కొడుతుంది. ఒక్క నెల సరుకు షెడ్డులోనే ఉండిపోయిందంటే మరుసటి నెలకు బియ్యం లేదు, నూనె లేదు, మేం మళ్లీ బీడీల చాటల ముందే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా దాని గురించి ఆలోచించకుండా హాయిగా ఉండేదాన్ని. ఆ హాయి మీద మన్నుపోసినవాడు అంతయ్య మామ.

శ్రీరాంపూర్ గనిలో ఆయన రెస్క్యూ జట్టులో పనిచేశాడు. గనిలో పొగ నిండినా, కప్పు కూలినా లోపలికి పోయి మనుషుల్ని తెచ్చే జట్టు అది. ఆ రోజు కోసం ప్రతి వారం ప్రాక్టీసు. మూతికి ముసుగు వేసుకుని, ఇసుక బస్తాను మనిషి అనుకుని స్ట్రెచర్ మీద మోసుకొచ్చేవాళ్లు. పెద్ద నోటుబుక్కులో రాసుకునేవాళ్లు: తేదీ, పట్టిన నిమిషాలు, లోపాలు. చివర రెండు గడులు: నిజం, ఉత్తుత్తి. దేవుని దయవల్ల ఆయన డ్యూటీలో ఒక్కసారి కూడా నిజం రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లూ ఉత్తుత్తి గడిలోనే గీతలు. అందుకని కాలనీ అంతా ఆయన్ను ఉత్తుత్తి అంతయ్య అనేవాళ్లు. రిటైరైన రోజు శాలువా కప్పి, "నువ్వు పాణాలు కాపాడిన ఇసుక బస్తాలు నిన్ను మర్వయి అన్నా" అని మైకులో అన్నారట. ఆయన కూడా అందరితో కలిసి నవ్వాడట. ఇంటికొచ్చి మాత్రం అన్నం తినలేదని ఆయన భార్య చంద్రవ్వ అత్త చెప్పింది.

సొంతూరని చొప్పదండికి వచ్చేశారు. పది రోజులు తిరగకుండా చంద్రవ్వ అత్త మా షెడ్డుకు వచ్చి, "నన్ను పనిల వెట్టుకో నర్మదా. ఇంట్ల ఉంటే రోజుకు రెండుసార్లు గ్యాస్ బండ కాడ్నుంచి నన్ను కాపాడుతుండు, నా వల్ల గాదు" అంది. పెట్టుకున్నాను. ఆమె వెనకే ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. షెడ్డు నాలుగు మూలలా చూశాడు.

"బిడ్డా, గీ సరుకు బయటికి పోయేతందుకు దారులెన్ని?"

"ఒక్కటే మామా. రాకేశ్ బండి."

"గది బందైతే?"

"ఎందుకు బందైతది?"

ఆయన ముఖంలో నెత్తురు లేదు. "రెండో దారి లేని గనిల మనిషిని దించరు బిడ్డా. గది చట్టం. పద్నాలుగు మందిని ఎట్ల దించినవ్?"

"గిది గని కాదు మామా. సకినాల షెడ్డు."

"తేడా ఏముంది?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు. మరుసటి మంగళవారం విజిల్‌తో వచ్చాడు.

ఆ మొదటి విజిల్ సంగతి ముందే చెప్పాను. "ఎగుమతి బందైంది! అందరు బయటికి ఉరుకుండ్రి!" అని అరిచాడు. మేం ఉరికాం. పొయ్యిల మీద మూకుళ్లు అలాగే ఉన్నాయి. ఆయన చేతి గడియారం చూసి, "నలభై సెకండ్లు! భేష్!" అంటుంటే వెనక తలుపులోంచి నల్లటి పొగ వస్తోంది. పక్కింటివాళ్లు బకెట్లతో వచ్చారు. మా షెడ్డులో పెద్దది భూమవ్వ, అరవై ఆరేళ్లు, ఎవరికీ భయపడదు. ఆమె ఆయన మెడలోని విజిల్ దారం పట్టుకుని గుంజింది.

"మేం బయటికొస్తే ఏం ఫాయిదా రా? సకినాలెవలు మోస్తరు? నీ ఇసుక బస్తాలా?"

ఆయన అక్కడే నిలబడి ఆలోచించాడు. "కరెక్టే అక్కా. గనిల మనిషిని తీయాలె, ఈడ సరుకును తీయాలె. నేను ఉల్టా చేసిన" అన్నాడు. తప్పు ఒప్పుకునే మగవాడిని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అయినా కోపం తగ్గలేదు.

ఆ తర్వాత నెల రోజులు ఆయన ఊళ్లో పెళ్లి కార్డులు అచ్చేసే ప్రెస్సులో కూర్చున్నాడు. ఎవరింట్లో ఆడపిల్ల పెళ్లి ఉందో అందరికంటే ముందు తెలిసేది అక్కడే కదా. మా దిక్కు ఆడపిల్లను అత్తగారింటికి పంపితే సారె పోవాలి, సారెలో సకినాల గంపలు ఉండాలి, అత్తగారి వాడంతా పంచాలి. వెనకట వాడకట్టు ఆడవాళ్లంతా కూర్చుని చుట్టేవాళ్లు. ఇప్పుడు చిన్నవాళ్లకు చుట్టడం రాదు, పెద్దవాళ్లకు మోకాళ్లు వంగవు. ఆయన కార్డు చూసి ఆ ఇంటికి పోయి, "మీ బిడ్డ సారెకు సకినాలెవలు చేస్తున్నరు?" అని అడిగేవాడు. పెళ్లికూతురి తండ్రులు ఆయన్ను పెళ్లిళ్ల పేరయ్య అనుకుని కుర్చీ వేసి చాయ్ పోసేవాళ్లు. పెళ్లివాళ్ల పని అయ్యాక శ్రీరాంపూర్ కాలనీ క్యాంటీన్, కరీంనగర్‌లో నాలుగు మిఠాయి దుకాణాలు, నిర్మల్‌లో కొయ్యబొమ్మలు అమ్మే కొట్టు, అన్నీ తిరిగి పట్టీ తయారు చేశాడు. దాని పేరు రెండో దారి.

పట్టీ ఉంటే చాలదట. నెలనెలా ఆ దారిన ఇరవై పొట్లాలైనా పోవాలట. "ఎందుకు మామా, అవసరమైనప్పుడు చూస్తం గదా" అంటే, "నడువని దారిల కప్పు కూలుతది బిడ్డా" అన్నాడు. గోడకు నియమాలు అంటించాడు. విజిల్ మోగగానే ముందు పొయ్యిలు ఆర్పాలి. నానబోసేది ఆపాలి. కలిపిన తడి పిండి నిలవ ఉండదు కాబట్టి దాన్ని సర్వపిండి రొట్టెలుగా కాల్చాలి. అరబ్బీ స్టిక్కర్లు పీకి తెలుగు స్టిక్కర్లు అంటించి, సరుకు ఆటోలకెక్కించాలి. పని నడుస్తుంటే బయటి ఫోన్ ఎత్తకూడదు, రెండో దారి పట్టీ పట్టుకున్న కావ్య తప్ప. కావ్య మాలో చిన్నది, ఇరవై మూడేళ్లు, ఫోన్లో గడగడ మాట్లాడుతుంది; ప్రాక్టీసు రోజు పట్టీలోవాళ్లకు ఫోన్ చేసి ముందుగా ఉత్తుత్తి అని చెబుతుంది. విజిల్ మనిషి లేకపోతే వయసులో పెద్దవాళ్లు ఊదాలి. దాని కోసం ఇంకో విజిల్ మేకుకు వేలాడదీశాడు.

బోర్డు సంగతి కూడా చెప్పాలి. ఓసారి ప్రాక్టీసు నడుస్తుంటే కావ్య అలవాటు కొద్దీ మా వాట్సాప్ గ్రూపులో "ఎగుమతి బంద్, సకినాలు రావు" అని పెట్టేసింది. ఆ గ్రూపులో షార్జాలో ఉన్న భూమవ్వ కొడుకు ఉన్నాడు. గంటలో గల్ఫ్ క్యాంపులన్నీ అట్టుడికినట్టు అయ్యాయి. మస్కట్ నుంచి ఒకాయన ఏడ్చినంత పని చేశాడు. "అక్కా, ఉన్నయన్ని మాకే పంపుండ్రి, పైసలు ముందుగాలనే కొడతం" అని ఒకటే ఫోన్లు. ఆ రోజు నుంచి ప్రాక్టీసు అయితే షెడ్డు ముందు ఎర్ర అక్షరాల బోర్డు పెట్టాలని మామ రూలు తెచ్చాడు. దాని మీద 'ఉత్తుత్తి' అని రాసి ఉంటుంది. విజిల్ వినగానే బోర్డు తగిలించే పని చంద్రవ్వ అత్తది. "పెండ్లైన కాడికెల్లి నా మొగని పేరు గిదే, ఇప్పుడు గోడకు గూడ వెడుతున్న" అంటూ తగిలించేది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఆ దొంగ ఫోన్. ప్రాక్టీసు మొదలయ్యేది దానితోనే. మామ షెడ్డు వెనక నిలబడి, ఎవరిదో ఫోన్ అడుక్కుని, మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని, "హలో అక్కా, నేను రాకేశ్‌ను, విమానాలు బంద్" అనేవాడు. రాకేశ్‌కు ఇరవై ఆరేళ్లు. మామ గొంతు నవారు మంచం కిర్రుమన్నట్టు ఉంటుంది. పైగా కిటికీలోంచి నాకు ఆయన వీపు కనిపిస్తూనే ఉండేది. అయినా నేను "అయ్యో, అట్లనా!" అనాలి.

మాఘమాసంలో ఒక గురువారం. ఆరు వందల పొట్లాలు కట్టి పెట్టాం, పదింటికి రాకేశ్ బండి రావాలి. మామ ఊళ్లో లేడు. శ్రీరాంపూర్‌లో పాత జట్టువాడు ఒకడు రిటైరవుతుంటే సన్మానానికి పోయాడు. తొమ్మిదిన్నరకు నాకు కొత్త నంబరు నుంచి ఫోన్.

"అక్కా, రాకేశ్‌ను. గల్ఫ్ పోయే విమానాలన్ని ఆపిండ్రు. ఆడ ఏందో లొల్లి నడుస్తుందట, మనోళ్లంత మంచిగనే ఉన్నరు. బండి వస్తలేదు. ఎన్ని రోజులో ఎరుక లేదు."

"మామా, శ్రీరాంపూర్ పోయినంక గూడ నీకు బుద్ధి రాలేదా? మూతి మీదికెల్లి ఆ తువ్వాల తియ్యి ముందుగాల."



"అక్కా, తువ్వాలేంది? మామ ఎవలు?"

ఇన్ని నెలలు పళ్లు కొరుకుతూ నేర్చుకున్నదాంట్లో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఆరు వందల పొట్లాలు, వాటి వెనక బీడీల చాటలు, అంతే కనిపించింది. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. భూమవ్వ నా ముఖం చూసింది. పిండి చేతులతోనే లేచి, మేకు మీది విజిల్ అందుకుని ఊదింది. ముందు పళ్లు రెండు లేవు కాబట్టి సగం గాలి పక్కకు పోయి, విజిల్ కోడిపిల్లలా అరిచింది. అయినా మోగింది.

ఇక చూడాలి! పొయ్యిలు టక్కున ఆరాయి. చంద్రవ్వ అత్త కొంగు దోపుకుని పరుగున పోయి, ఎప్పటిలాగే, గోడకు బోర్డు తగిలించింది. ఉత్తుత్తి. "మావోడు ఊళ్లె లేకున్నా ఊకుంటలేడు, ఫోన్లనే ఉత్తుత్తి వెడుతుండు!" అని ఆమె అంటే అందరూ ఘొల్లున నవ్వారు. నలుగురు స్టిక్కర్లు పీకుతున్నారు, ముగ్గురు సర్వపిండి తడుతున్నారు, ఒకామె పాట ఎత్తుకుంది.

ఇది నిజమర్రా అని చెప్పబోయాను. చెబితే ఏమవుతుంది? నాలాగే వీళ్ల చేతులూ ఆగిపోతాయి. నోరు మూసుకున్నాను. కావ్య చెవిలో మాత్రం, "ఇయ్యాల ఫోన్ల ఉత్తుత్తి అని చెప్పకు" అన్నాను. కావ్య కళ్లు ఇంతింతయ్యాయి. పట్టీ తీసి, నంబరు నొక్కింది.

మూడు పెళ్లిళ్లవాళ్లు రెండు వందల నలభై పొట్లాలు పెట్టుకున్నారు. కరీంనగర్ దుకాణాలు నూట ఇరవై, బొమ్మల కొట్టు అరవై. శ్రీరాంపూర్ క్యాంటీనాయనకు ఫోన్ చేసేసరికి ఆయన సన్మాన సభలో మైకు పక్కనే ఉన్నాడట. "ఆఁ, చెప్పు బిడ్డా! నూటయాభై సకినాల పొట్లాలా? ఇయ్యాలనే?" అన్న మాట మైకులోంచి కాలనీ అంతా వినబడింది. స్టేజీ మీద మెడలో దండతో కూర్చున్న అంతయ్య మామ కూడా విన్నాడు. మాట్లాడుతున్న పెద్దమనిషి మాట మధ్యలో ఉండగానే స్టేజీ దిగి, దండతోనే పరుగెత్తి, దొరికిన ఆటో ఎక్కి, మంచిర్యాలలో కరీంనగర్ బస్సు పట్టుకున్నాడు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఆయన పదిహేడుసార్లు ఫోన్ చేశాడు. నియమం ప్రకారం ఎవరూ ఎత్తలేదు.

పదకొండూ పదికి చివరి ఆటో పోయింది. తెలుగు స్టిక్కర్లు ముప్పై తక్కువ పడ్డాయి, ఆ ముప్పై పొట్లాలు అరబ్బీ ముఖాలతోనే మిగిలాయి. అందరూ కూర్చుని నవ్వుతూ సర్వపిండి తిన్నారు. ప్రాక్టీసులో అయితే ఆటోలు బస్టాండు మూలదాకా పోయి తిరిగొస్తాయి, మళ్లీ సరుకు దించుకుంటాం. పావుగంట చూశారు. అరగంట చూశారు.

"ఆటోలు ఇంకా వాపస్ వస్తలేవేందే?" అంది భూమవ్వ.

"రావు అవ్వా" అన్నాను. "ఇయ్యాల నిజం."

సర్వపిండి ముక్కలు చేతుల్లోనే ఆగాయి. చంద్రవ్వ అత్త మెల్లగా తల తిప్పి, తాను తగిలించిన బోర్డు వైపు చూసింది. అప్పుడు మొదలైంది వణుకు! అంతా అయిపోయాక పన్నెండు మందికి ఒకేసారి భయం పట్టింది. భూమవ్వ, "ఓయవ్వో, నేను నిజం విజిల్ ఊదిన్నా!" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఎవరు ముందు నవ్వారో తెలియదు. కళ్లలో నీళ్లు కారేదాకా, పొట్టలు పట్టుకునేదాకా నవ్వాం. నాకు ఆ రోజు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను.

మిగిలిన ముప్పై పొట్లాలు గంపలో పెట్టుకుని చంద్రవ్వ అత్త బస్టాండుకు పోయింది. అక్కడ ఇంకో తమాషా. అరబ్బీ అక్షరాలు చూసి జనం "దుబాయ్ సకినాలట!" అని ఎగబడ్డారు. "దుబాయివి గావు నాయినా, మనయే, గా షెడ్డుల చేసినయే" అని ఆమె మొత్తుకుంటే, "మాకెరుక లేదా అవ్వా, దుబాయ్ సబ్బుల మీద గిదే రాత ఉంటది" అన్నారట.

రెండు దాటాక కరీంనగర్ బస్సు ఆగింది. దండతో దిగిన మామ పక్కనే ఉన్న భార్యను కూడా చూడకుండా షెడ్డు వైపు పరుగు తీశాడు. గంప నెత్తిన పెట్టుకుని ఆయన వెనక ఆమె, ఆమె వెనక పొట్లం దొరకనివాళ్లు.

ఆయన మా గుమ్మం దగ్గర ఆగాడు. బోర్డు చూశాడు. ముఖం వాడిపోయింది.

"ఉత్తుత్తేనా? నేను లేకుంట ఆడుకున్నరా? పదిహేడుసార్లు ఫోన్ చేస్తే ఒక్కలు ఎత్తలే."

"పని నడుస్తుంటే ఎత్తద్దన్నది నువ్వే గద రా" అంది భూమవ్వ.

"మామా," అన్నాను, "బోర్డు తప్పు. ఇయ్యాల నిజం."

ఆయన బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాడు. "సరుకు?" అన్నాడు.

"పోయింది. అంతా."

"మనుషులు?"

ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. సకినాల పనిలో మనుషులకేమవుతుంది? కానీ ఆయన అప్పటికే వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెడుతున్నాడు, గనిలోంచి షిఫ్టు బయటికి వస్తుంటే లెక్కపెట్టినట్టు. పన్నెండు, పదమూడు. ఆగాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. పదమూడే. లేచి నిలబడ్డాడు. అప్పుడే చంద్రవ్వ అత్త రొప్పుతూ వచ్చి ఖాళీ గంప కింద పడేసింది.

"ముసలోడా, నన్ను దాటుకుంట ఉరికినవ్, కండ్లు కనవడుతలేవా?"

"పద్నాలుగు" అన్నాడు మామ, మెల్లగా.

సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. పట్టిన సమయం అడిగాడు. గంట నలభై అన్నాను. "గంటన్నరకు పది నిమిషాలు ఎక్కువ" అని రాసుకున్నాడు. లోపాల దగ్గర 'బోర్డు పెట్టిండ్రు' అని రాశాడు. 'ఫోన్ ఎత్తలే' అని కూడా రాసి, భూమవ్వ చూపు చూసి కొట్టేశాడు. చివరి రెండు గడుల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

విమానాలు మళ్లీ ఎప్పుడు ఎగురుతాయో ఆ రోజు ఎవరికీ తెలియదు. మర్నాటికి నానబోయాల్సిన బియ్యం మాత్రం ఎంతో కావ్య అప్పటికే గోడ మీద రాసింది, ఇంకో రెండు పెళ్లిళ్ల పేర్ల కింద.

"ముప్పై ఒక్క ఏండ్లు," అన్నాడు మామ, "గీ గడిల గీత గీసే రోజు రావద్దని మొక్కిన బిడ్డా. ఇయ్యాల గీస్తుంటే గింత సంబురమైతుందేంది నాకు?"

చంద్రవ్వ అత్త గోడ మీది బోర్డు తీసి, బోర్లా వేసి, దాని మీద చతికిలబడింది. ఆయన నిజం అన్న గడిలో గీత గీశాడు. పెన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే, కింద ఉన్న మూడు పేజీల మీద ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది.